సబ్‌సోనిక్ తూటాలు: చప్పుడు ఎక్కడ పుడుతుంది, ఎక్కడ తగ్గుతుంది

మీరు అడిగినవి మూడు. సబ్‌సోనిక్ అని డబ్బా మీద రాసి ఉన్న తూటాలో మందు తక్కువ పోస్తారా? దాన్ని పేలిస్తే సినిమాల్లోలాగా ‘ఫుట్’మని చిన్న చప్పుడే వస్తుందా? నెమ్మదిగా పోయే బుల్లెట్‌ని కోరి కొనుక్కోవడం దేనికి? చాలా ఏళ్లుగా .22 రైఫిల్‌తోనూ 9 ఎంఎం పిస్టల్‌తోనూ రేంజ్‌లో కాలం గడుపుతున్నవాణ్ని, కొత్తవాళ్లకు నేర్పిస్తుంటాను కూడా, కాబట్టి ఈ మూడూ నాకు తరచూ ఎదురయ్యేవే. మొదటిదానికి జవాబు కొంతవరకు అవును, రెండోదానికి కాదు, మూడోదానికి మాత్రం కాస్త ఓపిక పట్టాలి.

ముందు మాటల్లో గందరగోళం తీసేద్దాం. తూటా అంటే ఇత్తడి గుల్ల, దాని అడుగున మందుని రాజేసే ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన బుల్లెట్, అన్నీ కలిపి. బుల్లెట్ అంటే గొట్టంలోంచి బయటికి ఎగిరిపోయే ముక్క ఒక్కటే. సబ్‌సోనిక్ అనేది ఆ ముక్క వేగం గురించిన మాట. గాలిలో ధ్వని 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, షూటర్ల లెక్కలో 1125 అడుగులు. బుల్లెట్ గొట్టం దాటేటప్పుడు దీనికంటే తక్కువ వేగంతో ఉంటే సబ్‌సోనిక్, ఎక్కువతో ఉంటే సూపర్‌సోనిక్. అంతకుమించి ఆ పేరులో రహస్యమేమీ లేదు.

ధ్వని వేగం అనే ఆ గీత దాటితే ఏమవుతుందో చూడండి. పడవ నెమ్మదిగా పోతుంటే దాని ముందున్న నీళ్లు మెల్లగా పక్కకు తప్పుకుంటాయి. వేగం పెంచితే అలలు తప్పుకునే లోపే పడవ వాటిని తోసుకుంటూ వచ్చేస్తుంది, అవన్నీ ఒకదాని మీద ఒకటి పడి పెద్ద అలగా మారి పడవకు రెండు వైపులా విచ్చుకుంటాయి. గాలిలో బుల్లెట్ చేసేదీ అదే. తాను వస్తున్నానన్న కబురు గాలికి అందేది ధ్వని వేగంతోనే, బుల్లెట్ ఆ కబురు కంటే ముందే వచ్చేస్తే గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి, ఆ ఒత్తిడి బుల్లెట్ ముక్కు నుంచి గరాటాలా వెనక్కి పరుచుకుంటుంది. 1887లో ఎర్నెస్ట్ మాఖ్, పీటర్ సాల్చర్ అనే ఇద్దరు ఎగిరే బుల్లెట్ చుట్టూ ఉన్న ఈ అలని ఫొటో తీసి ప్రచురించారు, వేగం ధ్వని వేగానికి ఎన్ని రెట్లో చెప్పడానికి మనం వాడే మాక్ నంబర్ ఈ మాఖ్ పేరే. ఆ గరాటా మీ చెవిని దాటిన క్షణంలో వినిపించేదే ‘ఛెళ్’మనే చప్పుడు. కొరడా ఝళిపిస్తే ఛెళ్లుమనేదీ ఇందుకే, దాని కొస ధ్వని వేగాన్ని దాటిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఆ ఛెళ్ తుపాకీ మూతి దగ్గర ఒక్కసారి పుట్టి ఊరుకోదు. బుల్లెట్ ధ్వని వేగానికి పైన ఉన్నంతసేపూ, దారి పొడవునా పుడుతూనే ఉంటుంది. అందుకే గొట్టానికి ఎంత గొప్ప సప్రెసర్ తగిలించినా (అందరూ సైలెన్సర్ అంటారు, అననివ్వండి) సూపర్‌సోనిక్ బుల్లెట్ తన చప్పుడు తాను చేసుకుంటూనే పోతుంది. సప్రెసర్ పట్టుకోగలిగేది బుల్లెట్ వెనకే గొట్టంలోంచి ఎగదన్నుకొచ్చే వేడి వాయువుని మాత్రమే.

తుపాకీ చప్పుడు అని మనం ఒకే మాటతో చెప్పేస్తాం గానీ, అందులో కనీసం నాలుగు చప్పుళ్లున్నాయి. మూతి దగ్గర వాయువు పేలుడు, దీన్ని సప్రెసర్ తగ్గిస్తుంది. గాలిలో బుల్లెట్ చేసే ఛెళ్, దీన్ని సబ్‌సోనిక్ తూటా తీసేస్తుంది. తర్వాతి తూటాని తనే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌లో, గొట్టం వెనక భాగాన్ని మూసే బోల్ట్ వెనక్కీ ముందుకీ కొట్టుకునే లోహపు చప్పుడు, దీన్ని ఈ రెండూ ఆపలేవు. చివరగా బుల్లెట్ వెళ్లి తగిలిన చోట వచ్చే చప్పుడు. బోల్ట్ యాక్షన్ (బోల్ట్‌ని చేత్తో లాగే) .22కి సప్రెసర్ పెట్టి సబ్‌సోనిక్ తూటా వేసి ఇనుప పలక మీద కొట్టి చూడండి, ట్రిగ్గర్ దగ్గర ‘టక్’, ఒక్క క్షణం ఆగి అవతల ‘టంగ్’. ఆ టంగే పెద్దగా వినిపిస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు తుపాకీ పేలలేదేమోనని నా మొహం చూస్తారు.

అయినా సినిమా ‘ఫుట్’ వేరు. సెంటర్‌ఫైర్ రైఫిల్ (తూటా అడుగు మధ్యలో ప్రైమర్ ఉండే పెద్ద రకం) మామూలుగా 160 డెసిబెల్స్ దగ్గర పేలుతుంది, .22 రైఫిల్ 140 చుట్టుపక్కల. మంచి సప్రెసర్ 20 నుంచి 35 డెసిబెల్స్ దాకా కోస్తుంది. సబ్‌సోనిక్ కూడా కలిస్తే 120-130కి దిగుతుంది. డెసిబెల్ లెక్క మామూలు కూడికలా నడవదు, కాబట్టి ఇది చాలా పెద్ద తగ్గుదలే. కానీ 120 అంటే గుసగుస కాదు. ఒక్క దెబ్బకే చెవి పాడయ్యే హద్దుగా లెక్కించే 140కి ఇవతలికి వస్తారు, అంతే. ఇక సప్రెసర్ లేకుండా కేవలం సబ్‌సోనిక్ తూటా వేసి ‘సైలెంట్’ అనుకునేవాళ్లకి చెప్పేదేముంది, మూతి దగ్గరి పేలుడు అలాగే ఉంటుంది. రివాల్వర్‌కైతే సప్రెసర్ పెట్టినా పెద్ద ప్రయోజనం లేదు, సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచి వాయువు బయటికి కొట్టేస్తుంది. ఆ సందుని మూసేలా తయారైన 1895 నాటి నాగాంట్ రివాల్వర్ ఒక మినహాయింపు.

సరే, వేగం ఎలా తగ్గిస్తారు? మందు తగ్గించడం ఒక దారి, మీరు ఊహించిందే. కానీ మందు తగ్గించి అదే తేలిక బుల్లెట్ పెడితే దెబ్బలో పస ఉండదు. అందుకే సెంటర్‌ఫైర్‌లో ఎక్కువగా చేసేది బుల్లెట్ బరువు పెంచడం. 9 ఎంఎం తీసుకోండి. మామూలుగా దొరికే 115 గ్రెయిన్ల బుల్లెట్ (గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు) సెకనుకు 360 మీటర్ల దగ్గర పోతుంది, అంటే గీతకు అవతల. 147 గ్రెయిన్లది 300 దగ్గరే ఉంటుంది, గీతకు ఇవతల. డబ్బా మీద సబ్‌సోనిక్ అని రాయకపోయినా సరే, 147 అన్న అంకె కనబడితే చాలామందికి విషయం అర్థమైపోతుంది. .45 ఏసీపీ అనే పిస్టల్ తూటాకి ఈ తంటా కూడా లేదు, 230 గ్రెయిన్ల బుల్లెట్‌తో 260 మీటర్ల లోపే పోతుంది, పుట్టుకతోనే సబ్‌సోనిక్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోల కోసం చేసిన డి లిజిల్ కార్బైన్ (పొట్టి రైఫిల్)లో లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ బోల్ట్‌కి ఈ .45 గొట్టాన్నే జత చేసి పెద్ద సప్రెసర్ తొడిగారు. బోల్ట్ చేత్తో లాగాలి గనక లోహపు చప్పుడు కూడా వాళ్ల చేతిలోనే ఉండేది. సోవియట్లు 1987లో తీసుకున్న వింటోరెజ్ రైఫిల్‌కైతే తూటానే విడిగా తయారు చేశారు, బుల్లెట్ 16 గ్రాముల బరువు, 290 మీటర్ల వేగం. వేగంలో పోయింది బరువులో రాబట్టుకోవడం, అదీ అక్కడి ఆలోచన.

ఇప్పుడు నాకిష్టమైన భాగం, గురి. .22తో 50 మీటర్ల పోటీల్లో దిగేవాళ్లు దాదాపు అందరూ సబ్‌సోనిక్ వాడతారు, వాళ్లకి చప్పుడుతో ఏ పనీ లేదు. పది పాయింట్ల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు, మీ చిటికెన వేలి గోరంత. హై వెలాసిటీ (వేగం ఎక్కువ రకం) .22 బుల్లెట్ 380 మీటర్ల వేగంతో బయలుదేరి, 100 గజాలకి చేరేసరికి 310 దగ్గరికి పడిపోతుంది. అంటే దారి మధ్యలో ఎక్కడో ధ్వని గీతని పైనుంచి కిందికి దాటుతుంది. ఆ దాటే చోట గాలి ఒరిపిడి అడ్డదిడ్డంగా మారుతుంది, బుల్లెట్ మీద ఒత్తిడి పడే చోటు జరుగుతుంది, చిన్న ఊగిసలాట ఉంటే అది పెద్దదవుతుంది. మొదటినుంచీ 330 లోపే ఉన్న బుల్లెట్‌కి ఆ గీత దాటే పనే లేదు. నిదానమే ప్రధానం అన్నమాట ఇక్కడ అక్షరాలా నిజం. ఎయిర్‌గన్‌లో కూడా ఇదే కథ, 10 మీటర్ల పోటీ రైఫిళ్లలో పెల్లెట్ 175 మీటర్ల దగ్గరే పోతుంది, ధ్వని వేగాన్ని దాటేస్తుందని ప్రకటనల్లో ఊదరగొట్టే ఎయిర్‌గన్లు గురిలో వాటి దరిదాపులకి రావు.

దీనికంటే వింతైనది ఇంకోటి ఉంది, దీన్ని చెప్తే నమ్మరు. పక్కగాలి వీస్తుంటే హై వెలాసిటీ .22 కంటే సబ్‌సోనిక్ .22నే గాలి తక్కువగా నెడుతుంది. నెమ్మదిగా పోయేది గాలిలో ఎక్కువసేపు ఉంటుంది కదా, ఎక్కువ నెట్టాలి కదా అని అందరూ అంటారు, నేనూ అన్నాను ఒకప్పుడు. కానీ గాలి నెట్టుడు మొత్తం సమయాన్ని బట్టి ఉండదు, దారిలో ఎంత ఆలస్యమైందన్నదాన్ని బట్టి ఉంటుంది. గాలే లేని శూన్యంలో అంత దూరం పోవడానికి పట్టే సమయానికీ, నిజంగా పట్టిన సమయానికీ ఉన్న తేడాని గాలి వేగంతో గుణిస్తే పక్కకి ఎంత జరిగిందో వస్తుంది. హై వెలాసిటీ బుల్లెట్ గీత దగ్గర బ్రేకులు వేసినట్టు వేగం పోగొట్టుకుంటుంది, దాని ఆలస్యం ఎక్కువ. నమ్మకపోతే గాలి వీచే రోజున రెండు రకాలూ పది పది చొప్పున 100 గజాల కాగితం మీద పేల్చి చూడండి, కొలబద్ద అక్కర్లేకుండానే కనిపిస్తుంది.

అయితే ఆ గీత ఉన్నచోటే ఉండదు. గాలిలో ధ్వని వేగం ఉష్ణోగ్రతని బట్టి మారుతుంది, సున్నా డిగ్రీల దగ్గర 331, ఆ పైన ఒక్కో డిగ్రీకి 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. ఒకసారి గట్టి చలికాలం పొద్దున్న, ఐదారు డిగ్రీలుంటుందేమో, వేళ్లు కొంకర్లు పోతున్నాయి, అప్పుడే తెరిచిన స్టాండర్డ్ వెలాసిటీ (గీతకు కాస్త కిందుండే రకం) .22 డబ్బాతో మొదలుపెట్టాను. ఠప్, ఠప్, ఛెళ్, ఠప్, మళ్లీ ఛెళ్. పది తూటాల్లో మూడు ఛెళ్లుమన్నాయి. పక్కనున్న కుర్రాడు తూటాలు కల్తీ అయ్యాయేమో సార్ అన్నాడు. కల్తీ కాదు, డబ్బా మీద రాసిన 326 మీటర్లన్నది సగటు, ఒక్కో తూటా ఐదు పది మీటర్లు అటూ ఇటూ ఉంటుంది, ఆ పొద్దున గీత 334కి దిగి కూర్చుంది. చలికి మందు కూడా కాస్త మందకొడిగా కాలుతుంది నిజమే, కానీ ఆ తగ్గుదల సరిపోలేదు. మధ్యాహ్నం ఎండ కాస్త ఎక్కాక అదే డబ్బాలో మిగిలినవన్నీ ఠప్ ఠప్‌మనే పేలాయి. అందుకే తక్కువ చప్పుడే ముఖ్యమైతే గీతని ఆనుకుని ఉన్నవి కాకుండా, 300 కంటే బాగా కింద ఉన్నవి తీసుకోండి. గొట్టం పొడవు కూడా చూసుకోవాలి, పిస్టల్‌లో సబ్‌సోనిక్‌గా ఉన్న 9 ఎంఎం తూటా పొడుగు గొట్టమున్న కార్బైన్‌లోకి వెళ్తే వేగం పుంజుకుని గీత దాటేయొచ్చు.

వీటన్నిటికీ చెల్లించే మూల్యం చిన్నదేం కాదు. భూమి లాగుడు సెకన్ల లెక్కలో పనిచేస్తుంది, నెమ్మదిగా పోయేదాన్ని ఎక్కువసేపు లాగుతుంది. 310 మీటర్ల బుల్లెట్‌ని 50 మీటర్లకి సరిగ్గా గురి కుదిర్చి 100 మీటర్ల దగ్గర పేలిస్తే 20 సెంటీమీటర్ల పైచిలుకు కింద తగులుతుంది. 150 మీటర్ల దగ్గర 65 దాటుతుంది. దూరం అంచనాలో పది మీటర్ల పొరపాటు సూపర్‌సోనిక్ రైఫిల్‌తో ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ అదే గురి తప్పిస్తుంది. శక్తి సంగతీ అంతే. .300 బ్లాకౌట్ అనే రైఫిల్ తూటాలో 125 గ్రెయిన్ల సూపర్‌సోనిక్ 1800 జౌల్స్ ఇస్తే, 220 గ్రెయిన్ల సబ్‌సోనిక్ 700 కూడా ఇవ్వదు, బరువు దాదాపు రెట్టింపైనా సరే. వేగం వర్గం లెక్కలో ఉంటుంది కదా. వేటకి వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి, తగలగానే విచ్చుకునేలా చేసిన మామూలు వేట బుల్లెట్లు ఈ వేగంలో విచ్చుకోవు, సూదిలా దూసుకుపోతాయి, జంతువు గాయంతో నరకం చూస్తుంది. తక్కువ వేగానికే చేసిన బుల్లెట్ లేకపోతే, దగ్గర దూరం కాకపోతే, సబ్‌సోనిక్‌తో వేట నాకు నచ్చదు. పైగా సూపర్‌సోనిక్ బుల్లెట్ చప్పుడు కంటే ముందు చేరితే, సబ్‌సోనిక్‌లో చప్పుడే ముందు చేరుతుంది, జంతువు ఆ కాస్తలో కదలొచ్చు.

అలాగని ప్రమాదం తక్కువని మాత్రం అనుకోకండి. .22 బుల్లెట్ కిలోమీటరున్నర దాకా పోగలదు. చప్పుడు తక్కువ కాబట్టి బొమ్మ తుపాకీలా పట్టుకున్న కొత్తవాళ్లని చూశాను, వాళ్లని వెంటనే లైన్ మీంచి దింపేస్తాను.

తుపాకీలో వచ్చే ఇబ్బందులు ఇంకో సంగతి. సెమీ ఆటోమేటిక్ .22లో సబ్‌సోనిక్ తూటా బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి తోయలేక ఖాళీ గుల్ల సగంలో ఇరుక్కుపోవడం రోజూ చూసేదే. .300 బ్లాకౌట్ 2011లో ప్రామాణికమైంది, దాన్ని సూపర్‌సోనిక్‌తోనూ సబ్‌సోనిక్‌తోనూ ఆడేలా మొదట్నుంచీ ఆలోచించి చేశారు కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ. కానీ దాని సౌలభ్యంలోనే ఒక గండం ఉంది. దాని మ్యాగజైన్ 5.56 రైఫిల్‌దే, బోల్ట్ కూడా అదే. రెండు రైఫిళ్లూ ఒకే బెంచీ మీద ఉండి, .300 తూటా 5.56 గొట్టంలోకి దూరిందా, 7.8 మిల్లీమీటర్ల బుల్లెట్ 5.7 మిల్లీమీటర్ల కంతలోంచి పోవాలి. రైఫిల్ ముక్కలవుతుంది. మ్యాగజైన్లకి రంగు టేపు చుట్టి పెట్టుకోండి, రెండూ ఒకే రోజు రేంజ్‌కి తీసుకురాకపోతే ఇంకా మేలు.

బరువు బుల్లెట్ అంటే పొడుగు బుల్లెట్. పొడుగుది గాలిలో నిలకడగా పోవాలంటే బుల్లెట్‌ని గిరగిరా తిప్పే గొట్టం లోపలి మరలు బిగుతుగా ఉండాలి, .300 బ్లాకౌట్ గొట్టాల్లో ఏడెనిమిది అంగుళాలకి ఒక చుట్టు ఉండేది అందుకే. పన్నెండు అంగుళాలకి ఒక చుట్టున్న పాత .308 రైఫిల్‌లో బరువైన సబ్‌సోనిక్ వేస్తే బుల్లెట్ బొంగరంలా తూలుతూ పోవచ్చు, కాగితం మీద గుండ్రటి కంతకి బదులు తాళంచెవి కంత ఆకారం పడుతుంది. సప్రెసర్ ఉంటే తూలే బుల్లెట్ దాని లోపలి పలకలకి తగిలి సప్రెసర్ పాడవుతుంది, ఆ ఖర్చు మీ నెత్తినే పడుతుంది. కాబట్టి కొత్త సబ్‌సోనిక్ ఏదైనా మొదట సప్రెసర్ లేకుండా కాగితం మీద పేల్చి, కంతలు గుండ్రంగా ఉన్నాయో లేదో చూశాకే తొడగండి.

ఇంకొక్కటి, ఇది నిజంగా టెన్షన్ పెట్టే విషయం. తక్కువ మందుతో చేసిన తూటాల్లో అప్పుడప్పుడు బుల్లెట్ గొట్టం మధ్యలోనే ఆగిపోతుంది. సొంతంగా తూటాలు నింపుకునేవాళ్ల దగ్గర ఇది ఎక్కువ. ఒక మధ్యాహ్నం నా రెండు లైన్ల అవతల ఒకాయన సొంత తూటాలతో పేలుస్తున్నాడు, వరసగా వస్తున్న చప్పుళ్లలో ఒకటి ‘తుస్’మంది. కాగితం మీద కంత లేదు. ఆయన గుల్ల బయటికి లాగేసి ఇంకో తూటా ఎక్కించి ట్రిగ్గర్ మీద వేలు పెట్టేశాడు, నేను గొంతు చించుకుని అరిచాను. తుపాకీ ఖాళీ చేసి గొట్టంలోకి కడ్డీ తోస్తే సగంలో ఆగింది, బుల్లెట్ అక్కడే కూర్చుని ఉంది. రెండోది పేలి ఉంటే గొట్టం ఉబ్బి పగిలేది, ఆయన ఎడమ చేయి సరిగ్గా ఆ చోటే పట్టుకుని ఉంది. సబ్‌సోనిక్ చప్పుడు ఎలాగూ తక్కువే కాబట్టి తేడా గుర్తుపట్టడం కష్టం, సప్రెసర్ ఉంటే మరీను. చప్పుడు కాస్త వేరుగా అనిపించినా, భుజానికి తన్ను తగలకపోయినా, కాగితం మీద కంత లేకపోయినా, ఆగిపోయి గొట్టం చూడండి. పక్కవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

ఇక జనం ఎందుకు కొంటారన్నదాంట్లో మిగిలిన కారణం తన్ను, అంటే పేలినప్పుడు తుపాకీ వెనక్కి తోసే తోపు. 9 ఎంఎం పిస్టల్ పోటీల్లో మైనర్ (తక్కువ శక్తి తూటాల) విభాగానికి పవర్ ఫ్యాక్టర్ 125 ఉండాలి, బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో, వేగాన్ని అడుగుల్లో తీసుకుని గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చే అంకె అది. 115 గ్రెయిన్ల బుల్లెట్‌తో ఆ అంకె అందుకోవాలంటే 1087 అడుగుల వేగం కావాలి, 147తో 851 చాలు. రెండిట్లోనూ లెక్క ఒకటే అయినా చేతికి తెలిసేది వేరు, తేలికది చటుక్కున విదిలిస్తుంది, బరువుది మెల్లగా తోస్తుంది. రెండో గుండుకి గురి తొందరగా కుదురుతుందని చాలామంది 147కే ఓటేస్తారు, నేనూ ఆ బాపతే. పేలే ముందే కళ్లు మూసుకునే కొత్తవాళ్లకి కూడా మొదటి వారం సబ్‌సోనిక్ .22నే ఇస్తాను, భయం పోయాక మిగతావి.

మీ రైఫిల్ సెమీ ఆటోమేటిక్ .22 అన్నారు కాబట్టి, ఒకే రకం పెద్ద పెట్టె కొనేయకండి. మూడు నాలుగు రకాలవి చిన్న డబ్బాలు తెచ్చుకుని, ఒక్కోటి యాభై పేల్చి, ఏది ఇరుక్కోకుండా ఆడుతోందో, ఏది కాగితం మీద గుంపుగా పడుతోందో రాసుకోండి. ఒకే సైజు, ఒకే మోడల్ రైఫిళ్లు రెండు పక్కపక్కన పెట్టినా ఒకదానికి నచ్చిన తూటా ఇంకోదానికి నచ్చదు. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారినప్పుడు మొదటి పది పదిహేను లెక్కలోకి తీసుకోకండి, గొట్టం లోపల పాత తూటా బుల్లెట్ మీద పూసిన మైనం పోయి కొత్తది పట్టేదాకా గుంపు చెదురుగానే ఉంటుంది. చెవులకి మాత్రం మఫ్స్ తీయకండి.